ఇరవై మూడో గుండీ

డిటెక్టివ్ హాలు గుమ్మంలో అడుగుపెట్టేసరికి మధ్యాహ్నం ఒంటిగంట నలభై. సభ నాలుగింటికి. మేనత్త పరువు నిలబెట్టడానికి చేతిలో ఉన్నది రెండు గంటల ఇరవై నిమిషాలు. అందులో పది నిమిషాలు ఆమె పెట్టే చీవాట్లకే పోతాయని అతనికి తెలుసు.

"ఒరేయ్ చిట్టీ, నిన్నెవరు రమ్మన్నార్రా?" అంది అత్త. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, అటు తిరిగే అడిగింది.

చిట్టికి నలభై ఆరేళ్లు, ఎనభై అయిదు కిలోలు. చాలామంది దొంగలకు అతని బూటు చప్పుడు వింటే చెమటలు పడతాయి. అత్త గొంతు వింటే మాత్రం అతనికే చెమటలు పడతాయి. నాలుగో ఏట తల్లి పోయినప్పటి నుంచి ఈవిడే పెంచింది. కుట్టుమిషను కింద కూర్చోబెట్టి, రాలిన దారప్పోగులు ఏరించి, అన్నం తినిపించి, ఇంతవాణ్ణి చేసింది.

"దారిన పోతూ వచ్చాలే అత్తా."

"నలభై కిలోమీటర్లు దారిన పోతూ వచ్చావా? తిన్నావా?"

తిన్నానని అబద్ధం చెప్పబోయాడు గానీ, ఆ అవసరం రాలేదు. హాలు మధ్యలోంచి ఇంకో గొంతు అందుకుంది.

"భోజనాల సంగతి తర్వాత చూసుకుందాం. ఇది విచారణ జరుగుతున్న చోటు. బంధువులకు ప్రవేశం లేదు."

ఆ గొంతు పేదరికం తగ్గించే పథకం ఆఫీసు నిఘా అధికారిది. ఇద్దరూ ఒకప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని శిక్షణ తీసుకున్నవాళ్లే. పై అధికారితో పోట్లాడి బయటికొచ్చి డిటెక్టివ్ సొంత బోర్డు పెట్టుకున్నాడు. ఈ అధికారి ఎవరితోనూ పోట్లాడకుండా పైకొచ్చాడు. ఎండాకాలంలో కూడా చొక్కా మీద ఒక్క ముడత ఉండదు కాబట్టి ఆ రోజుల్లోనే అతనికి 'ఇస్త్రీ' అని పేరు పడింది. ఆ పేరు పెట్టినవాడు డిటెక్టివే. అది అతను ఇంకా మరిచిపోలేదు.

"బంధువుగా రాలేదు ఆఫీసర్ గారూ. నన్ను ఈ వీధివాళ్లే పిలిచారు. మీ నిబంధనల్లోనే ఉందిగా, విచారణలో వీధి తరఫున ఒక మనిషి కూర్చోవచ్చని."

ఇస్త్రీ నిబంధనల పుస్తకం తీశాడు, చదివాడు, మూశాడు. అతనిలో డిటెక్టివ్‌కు నచ్చేది అదొక్కటే. నిబంధన ఉంటే అది తనకు గిట్టకపోయినా పాటిస్తాడు.

"సరే, కూర్చోండి. కానీ చూడటానికి పెద్దగా ఏం మిగల్లేదు. అంతా తేలిపోయింది."

గోడకు వేలాడుతున్న గుడ్డ వైపు చూపించాడు.

గుండీల గుడ్డ అంటే ఆ వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. రెండు దుప్పట్లంత వెడల్పున్న ముతక గుడ్డ. దాని మీద అడ్డంగా మూడు వరసలు. కింది వరస 'పూట గడవడం కష్టం', మధ్య వరస 'ఎలాగో గడుస్తోంది', పై వరస 'నిలదొక్కుకున్నాం'. వీధిలో డెబ్బై రెండు ఇళ్లు. ఒక్కో ఇంటికి ఒక్కో గుండీ. ఆఫీసు ఇచ్చినవి కావు, ఎవరి పాత బట్టలోంచి వాళ్లు ఊడదీసి తెచ్చుకున్నవి. చదువు రానివాళ్లు కూడా తమ ఇంటి గుండీని ఇట్టే గుర్తుపడతారు. ఆరు నెలలకోసారి వీధంతా ఇక్కడ చేరి, ఇరుగూ పొరుగూ ఒప్పుకున్నాక, ఎవరి గుండీ వాళ్లు తమ చేత్తో తగిన వరసలో కుట్టుకుంటారు. పేదరికం తగ్గించే పథకం ఇక్కడ పనిచేస్తోందా లేదా అన్నది ఆ గుడ్డే చెప్పాలి. ఆఫీసువాళ్లు వచ్చి ఇళ్లలోకి తొంగిచూసి రాసుకుపోయే పద్ధతి వద్దని ఏడేళ్ల కిందట అత్తే కొట్లాడి సాధించింది. అప్పటి నుంచి వీధికి ఆవిడ పెద్దక్క.

పై వరసలో యాభై గుండీలు చేరితే వీధి గట్టెక్కినట్టే లెక్క. అప్పుడు పిల్లల గది, కుట్టు గది, వారానికోసారి వచ్చే నర్సమ్మ, మూడూ ఇక్కణ్ణుంచి లేచి ఇంకో వీధికి వెళ్లిపోతాయి.

"ఆదివారం లెక్కకు పై వరసలో ఇరవై ఏడు ఉన్నాయి" అన్నాడు ఇస్త్రీ. "ఫొటో ఉంది. ఇవాళ ఉదయం తొమ్మిదికి ఈవిడ బీరువా తీస్తే సరిగ్గా యాభై. ఇరవై మూడు గుండీలు రాత్రికి రాత్రి కాళ్లొచ్చి మెట్లెక్కవు కదా."

"ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పింది ఎవరు?"

"ఈవిడే. తొమ్మిదీ పదికి."

"దొంగపని చేసినవాళ్లు వాళ్లే ఫోన్ చేసి మరీ చెప్తారా?"

"భయపడితే చెప్తారు. బీరువా తాళంచెవి ఒక్కటే, అది ఈవిడ దగ్గరే ఉంటుంది. గట్టెక్కిన వీధి పెద్దకు సన్మానం ఉంటుంది, ఆ దరఖాస్తు మీద ఈవిడ సంతకం ఉంది. అన్నిటికంటే ముఖ్యం, నిన్న మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఆఫీసులో మీటింగుకు వెళ్లానని చెప్పారు. నిన్న ఆఫీసులో ఏ మీటింగూ లేదు." ఇస్త్రీ గొంతు తగ్గించాడు. "నాకూ బాధగానే ఉంది. కానీ నాలుగింటికి లెక్క ప్రకటించడానికి డైరెక్టర్ గారు వస్తారు. వీధంతా కూర్చున్నాక నా రిపోర్టు చదవాలి. ఆ తర్వాత ఈవిడ ఈ కుర్చీలో ఉండరు."

డిటెక్టివ్ అత్త వైపు చూశాడు. ఒక్క ముక్క కూడా కాదనలేదావిడ. మామూలుగా కూరలవాడు తూకం కొంచెం తగ్గిస్తే వీధి చివరిదాకా వినపడేలా దులిపే మనిషి, ఇప్పుడు నోట్లో నీళ్లు పోసుకున్నట్టు కూర్చుంది.

అతను కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

"నిన్న ఎక్కడికెళ్లావత్తా?"

"చెప్పాగా. మీటింగు."

"ఎవరితో?"

"మీ తాతతో."

"తాత పోయి ముప్పై ఏళ్లయింది."

"అందుకే ఆలస్యమైంది. టీ తాగు, చల్లారిపోతోంది."

టీ గ్లాసు బల్ల మీద ఉంది. ఆవిడ దాన్ని అతని వైపు జరిపిన తీరు డిటెక్టివ్ కంట్లో పడింది. చెయ్యి నేరుగా గ్లాసు మీదకు పోలేదు. బల్ల అంచు పట్టుకుని, అక్కణ్ణుంచి జరుగుతూ, గ్లాసు తగిలాక ఆగింది. ఇందాక అతన్ని చూడకుండానే చిట్టీ అనడం కూడా గుర్తొచ్చింది. బల్ల మీద ఆవిడ గుండుసూదుల డబ్బా ఉంది. నలభై ఏళ్లుగా అదే డబ్బా. మూత సరిగా పడలేదు. తీసి చూస్తే సూదుల పక్కన మడిచిన నల్ల కళ్లద్దాలు, పల్చటి ప్లాస్టిక్‌వి, కంట్లో మందు వేశాక ఆసుపత్రిలో ఊరికే ఇచ్చేవి. వాటి మడతలో ఒక చీటీ. కంటి ఆసుపత్రి, నిన్నటి తేదీ, లోపలికి వెళ్లిన సమయం రెండూ యాభై, బయటికొచ్చింది అయిదూ ఇరవై.

అతను ఆ చీటీ ఆవిడ చేతిలో పెట్టాడు. వేళ్లతో తడిమింది. అదేమిటో తెలిసిపోయింది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు మెల్లగా.

"ఏడాది. సూది బెజ్జం కనపడటం మానేసి ఆరు నెలలు." ఆవిడ గొంతు ఇస్త్రీకి వినపడనంత చిన్నదైంది. "ఎవరికీ చెప్పకు. కళ్లు సరిగా కనపడని మనిషి గుడ్డ మీద లెక్క చెప్తే ఆఫీసువాళ్లు నవ్వరూ? అందరి గుండీలూ నా వేళ్లకు తెలుసు. వేళ్లతోనే లెక్కపెడుతున్నా. ఒక్కసారి కూడా తప్పు పోలేదు."

"నాకు కూడా చెప్పలేదు."

"చెప్తే పనులన్నీ మానుకుని వచ్చి కూర్చుంటావు. నిన్ను మేపలేక చావాలి నేను."

డిటెక్టివ్‌కు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆవిడ చేతిని కాసేపు తన చేతిలో ఉంచుకుని, లేచి వెళ్లి చీటీ ఇస్త్రీ ముందు పెట్టాడు. అత్త వెనక నుంచి "ఒరేయ్" అంది. అతను వినలేదు.

ఇస్త్రీ చీటీని రెండుసార్లు చదివాడు. "ఇది మధ్యాహ్నానికి సరిపోతుంది. సాయంత్రం ఆరు తర్వాత సంగతి? తాళంచెవి ఈవిడ దగ్గరే ఉందిగా?"

"సూదిలో దారం ఎక్కించలేని మనిషి ఇరవై మూడు గుండీలు కుట్టిందంటారా?"

"ఇంకొకరితో ఎక్కించుకుని కుట్టొచ్చు. నలభై ఏళ్ల అనుభవం ఉన్న దర్జీ కళ్లు మూసుకుని కూడా గుండీ కుట్టగలదని మీరే ఒకప్పుడు గొప్పలు చెప్పారు, శిక్షణలో."

చెప్పిన మాట నిజమే. డిటెక్టివ్ నాలిక కరుచుకున్నాడు. అప్పుడు టైము రెండూ ముప్పై అయిదు.

గుడ్డ దగ్గరికి వెళ్లాడు. ఈసారి లెక్కకు ఆకుపచ్చ దారం వాడారు. కొత్తగా పైకెక్కిన గుండీలు కూడా ఆకుపచ్చ దారంతోనే ఉన్నాయి. బీరువా లోపల రీలు, ఒకే ఒక సూది, తాడుతో కట్టిన కత్తెర ఉన్నాయి. ముందు వైపు చూస్తే తప్పు పట్టడానికేమీ లేదు. అత్త గుండీ కుడితే కింద దారానికి మెడ ఉంటుంది, మూడు చుట్లు చుట్టి మరీ ముడేస్తుంది. ఈ ఇరవై మూడింటిలో ఏ ఒక్కదానికీ ఆ మెడ లేదు. కానీ మేనల్లుడి సాక్ష్యం ఇస్త్రీ దగ్గర చెల్లదు.

గుడ్డ వెనక్కి తిప్పడానికి అంచు పట్టుకున్నాడు.

"తిప్పకురా" అంది అత్త.

పెద్దగా అనలేదు. బతిమాలినట్టు అంది. ఆవిడ బతిమాలడం అతను జన్మలో వినలేదు. చెయ్యి ఆగిపోయింది. తర్వాత, డిటెక్టివ్ కాబట్టి, తిప్పాడు.

వెనక వైపు ముడులు. అతను ఒక్కొక్కటీ వంగి చూశాడు. మొదటిది మూడుసార్లు మెలేసి, పంటితో కొరికిన కొస. రెండోది నర్సు కట్టు కట్టినట్టు అడ్డంగా రెండు చుట్లు. మూడోదానికి ముడే లేదు, దారాన్ని అక్కడికక్కడే కుట్టి వదిలేశారు. నాలుగోది మూటల మీద వేసే జారుముడి. ఏడోదాని దగ్గరికి వచ్చేసరికి అతనికి విషయం అర్థమైంది. ఒకరి చేతిపని కాదిది. దొంగ ఒక్కరైతే ముడి ఒక్కలాగే ఉండాలి. ఇక్కడ గుండీకొక చెయ్యి ఉంది.

ఎవరి గుండీ వాళ్లే మార్చుకున్నారు.

అతను అత్త వైపు తిరిగాడు. ఆవిడ తల కిటికీ వైపు ఉంది.

"నీకు తెలుసు" అన్నాడు.

"ఫోన్ చేసి పెట్టేశాక వెనక తడిమా. నేను కుట్టు నేర్పిన చేతులు రా అవి. ఎవరి ముడి ఏదో నాకు తెలియదా? ఫోన్ చేయకుండా ఉండాల్సింది. ఎందుకు చేశారో తెలియదు. ఏదో ఆశ చూపించి ఉంటారు ఎవరో. వాళ్ల పేర్లు బయటపెడితే వీధిలో తలెత్తుకోలేరు. నా ఒక్కదాని పేరు పోతే పోనీ. నాకేముంది, నువ్వున్నావు."

తనను ఆస్తి కింద లెక్కగట్టిన మనిషితో పోట్లాడలేక, డిటెక్టివ్ చెక్క తెర అవతల ఉన్న పిల్లల గదిలోకి వెళ్లాడు.

పదకొండు మంది పిల్లలు నిద్రపోతున్నారు. వాళ్లను చూసుకునే ఆయా మూల ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. జోలపాట అందుకుంటే ఎంతటి గడుగ్గాయినైనా పడుకోబెడుతుంది, అందుకే ఆమె జోలమ్మ. డిటెక్టివ్‌ను చూడగానే లేచి నిలబడింది.

"పొద్దున నాకు ఫోన్ చేసి రమ్మన్నది నువ్వు" అన్నాడు అతను గుసగుసగా. "వచ్చాక నా మొహం చూడనిది కూడా నువ్వే. నిన్న అత్త వెళ్లేటప్పుడు తాళంచెవి ఎవరికిచ్చింది?"

"నాకేం తెలుసన్నా."

"నీకే ఇచ్చిందా?"

జోలమ్మ నిద్రపోతున్న పిల్లాడి దుప్పటి సర్దింది. అది సర్దే ఉంది.

"మూడోదానికి ముడి లేదు జోలమ్మా. అక్కడికక్కడే కుట్టి వదిలేశారు. పిల్లలకు ముడి గుచ్చుకుంటుందని చిన్న బట్టలకు అలా కుడతారు. అది గౌను గుండీ. మీ అమ్మాయిదేనా?"

ఆమె పెదవి బిగబట్టింది. తర్వాత ఇక పట్టలేక, పిల్లలు లేస్తారని నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. డిటెక్టివ్ నేరస్తుల ఏడుపులు చాలా చూశాడు. ఈ ఏడుపు ముందు మాత్రం చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక, మంచినీళ్ల చెంబు అందించాడు.

"మొన్న కుట్టు గదికి ఫోన్ వచ్చిందన్నా. ఆఫీసు నుంచి. ఎవరో పెద్దమనిషి, ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఏడేళ్లయినా మీ వీధి యాభై దాటలేదు, ఈసారి కూడా దాటకపోతే మీ పెద్దక్కకు చేతకాలేదని ఆవిణ్ణి తీసేసి ఆఫీసు మనిషిని పెడతారు అన్నాడు. మాకు గుండె జారిపోయింది. అందరం మాట్లాడుకున్నాం. పెద్దక్క లేకపోతే ఇంక ఎవరు మా మాట వింటారు? నిన్న ఆవిడ వెళ్లగానే రెండున్నర నుంచి ఒక్కొక్కరే వచ్చారు. ఒక్కటే సూది. నాలుగున్నర దాకా పట్టింది."

"యాభై దాటితే ఈ పిల్లల గది ఉండదు. నీ ఉద్యోగం ఉండదు. తెలుసుగా?"

"తెలుసు."

"తెలిసే కుట్టావా?"

"మా ఆయన నన్ను రోడ్డు మీద వదిలేసి పోయిన రోజు పెద్దక్క నన్ను ఇంటికి తీసుకెళ్లిందన్నా. ఏం అడగలేదు. పక్క వేసి, పడుకో అంది." జోలమ్మ ముక్కు తుడుచుకుంది. "ఉద్యోగం ఇంకోటి చూసుకుంటాను. ఆవిడ ఇంకోరు దొరకరు కదా. కానీ ఆవిడ మీదకే వస్తుందని మాకు తట్టలేదు. ఆదివారం లెక్కకు ఫొటో తీశారని కూడా మేం మర్చిపోయాం."

తెలివితక్కువ పని, ఇంతకంటే తెలివితక్కువది ఉండదు అనుకున్నాడు డిటెక్టివ్. ఒక మనిషి మీద ప్రేమతో, ఈ వీధి తాను బాగున్నానని అబద్ధం చెప్పింది.

"మొత్తం ఎంతమంది?"

"ఇరవై రెండు."

"ఇరవై మూడు."

"కాదన్నా, ఇరవై రెండే. ఇంకొకటి తక్కువైందని మేం మొత్తుకున్నాం, మిగతా ఇళ్లవాళ్లు భయపడి రామన్నారు. మేస్త్రీ వాళ్లు ఉంటే సరిపోయేది. కానీ వాళ్లు పనికి వేరే ఊరు వెళ్లి మూడు నెలలైంది, ఇంటికి తాళం. ఒకరి గుండీ ఇంకొకరు కుట్టకూడదు కదా. అది పెద్దక్క పెట్టిన నియమం. అందుకని నలభై తొమ్మిది దగ్గర ఆపేశాం."

అబద్ధం చెప్పడంలో కూడా నియమం తప్పలేదు ఈ వీధి. డిటెక్టివ్‌కు నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది.

"నాలుగున్నర తర్వాత, అత్త తిరిగొచ్చేలోపు, ఇక్కడికి ఇంకెవరైనా వచ్చారా?"

"డైరెక్టర్ గారు వచ్చారు, అయిదున్నరకు. సభ ఏర్పాట్లు చూస్తానన్నారు. పిల్లలకు బిస్కెట్లు కూడా తెచ్చారు. గుడ్డ చూస్తానంటే బీరువా తీశా. టీ పెట్టమంటే పెట్టడానికి వెళ్లా. ఏడెనిమిది నిమిషాలు పట్టిందంతే."

డిటెక్టివ్ వాచీ చూశాడు. మూడూ ఇరవై.

హాలులోకి వచ్చేసరికి ఇస్త్రీ, ట్యాగు కట్టిన ఫైలు పక్కన పెట్టుకుని, రిపోర్టు చివరి పేజీ మీద సంతకం పెట్టబోతున్నాడు.

"ఆ సంతకం ఆపండి. అత్తా, ఒక్కసారి గుడ్డ దగ్గరికి రా. ముందు వైపు. నీకు ఏ చెయ్యో తెలియని గుండీ ఒకటి ఉండాలి."

ఆవిడ కదల్లేదు.

"వాళ్లు నీ కోసం చేశారత్తా. నిన్ను తీసేస్తారని ఎవరో చెబితే నమ్మి చేశారు. జోలమ్మ చెప్పింది."

"పిచ్చి మొహాలు" అంది అత్త. కళ్లు తుడుచుకోకుండానే లేచి, గోడ పట్టుకుని నడిచి, గుడ్డ మీద చెయ్యి వేసింది. వేళ్లు ఒక్కో గుండీ దాటుకుంటూ పోయి, మూల ఉన్న పెద్ద గోధుమరంగు కోటు గుండీ మీద ఆగాయి.

"ఇది. మేస్త్రీ వాళ్లది. ఉన్నది కింది వరసలో, అమాంతం పై వరసకు ఎక్కింది. దీనికి ముడి వెనక లేదు, ముందుంది. బట్టలు కుట్టే వాళ్లెవరూ ఇలా వెయ్యరు. పొద్దుటి నుంచి ఆలోచిస్తున్నా, ఈ చెయ్యి నాకు తెలియదు."

డిటెక్టివ్ భూతద్దం పెట్టాడు. గుండీకి నాలుగు రంధ్రాలు. దారం రెండింటిలోంచే వెనక నుంచి పైకొచ్చింది. గుండీ మీద ఎడమకు రెండు మెలికలు, కొసలు రెండూ కిందికి దోపేసి ఉన్నాయి. ఎక్కడో చూశాడు ఈ ముడిని. ఇప్పుడే, ఈ గదిలోనే చూశాడు.

తల తిప్పి బల్ల మీద ఉన్న ఇస్త్రీ ఫైలు వైపు చూశాడు. రెండు రంధ్రాల్లోంచి పైకొచ్చిన ట్యాగు తాడు. ఎడమకు రెండు మెలికలు. కొసలు కిందికి దోపి ఉన్నాయి.

ఇస్త్రీ కూడా అటే చూశాడు. ఫైలు చూశాడు, గుండీ చూశాడు, మళ్లీ ఫైలు చూశాడు. ఇరవై ఏళ్లలో మొదటిసారి అతని చొక్కా చంకల కింద తడిసింది.

"ఈ ఫైలు మీరే కట్టారా?" అన్నాడు డిటెక్టివ్.

"నేను కట్టలేదు."

"మరి?"

"పొద్దున డైరెక్టర్ గారు తన గదిలో నా చేతికిచ్చారు. ఆయన ఫైళ్లు ఆయనే కట్టుకుంటారు. గుమాస్తాగా చేరిన రోజుల నుంచి అలవాటు." ఇస్త్రీ కుర్చీలో కూర్చున్నాడు. "ఈ పథకం గెలిచిందని చూపిస్తే ఆయనకు వచ్చే నెలలో పై పదవి. డెబ్బై వీధులు గట్టెక్కాయి. ఈ విడతలో ఇదొక్కటే మిగిలింది."

"ఆయనే వీధివాళ్లకు ఫోన్ చేసి భయపెట్టాడు. వచ్చి లెక్క చూసుకున్నాడు. ఒకటి తక్కువైంది. టీ పెట్టమని జోలమ్మను పంపించి తనే కుట్టాడు. ఆ ఇంటికి మూడు నెలలుగా తాళం ఉందని వీధివాళ్లకు తెలుసు, ఆయనకు తెలియదు. పొద్దున అత్త ఫోన్ చేసేసరికి, నేరం ఆవిడ మీదకు తోస్తే సరిపోతుందని మీకు ఫైలు కట్టిచ్చాడు."

"మీరు చెప్పింది ముడి ఒక్కటే. ఆయన కాదంటే?"

"అందుకే మిగతా ఇరవై రెండు ముడులు కూడా మాట్లాడాలి. ఇవి మావి, అది మాది కాదు అని వాళ్లు నలుగురిలో చెప్పాలి. అప్పుడే అది ఒంటరిగా మిగులుతుంది."

"వద్దు" అంది అత్త. "మేం ఇంకా నిలదొక్కుకోలేదు, అబద్ధం కుట్టాం అని అందరి ముందూ వాళ్లతో చెప్పిస్తావా? నా పరువు కోసం వాళ్లది తీస్తానంటే నేను ఒప్పుకోను. నువ్వు నా దగ్గర పెరిగినవాడివేనా?"

"నీ దగ్గర పెరిగాను కాబట్టే అడుగుతున్నా."

"అయితే పో. నీకు అన్నం కూడా పెట్టను."

ఇంతకంటే పెద్ద శిక్ష ఆవిడ దగ్గర లేదు. డిటెక్టివ్ తల దించుకుని నిలబడ్డాడు. మూడూ నలభై. చెక్క తెర తలుపు కిర్రుమని, జోలమ్మ హాలు దాటి బయటికి వెళ్లిపోవడం అతను గమనించాడు. ఆపలేదు.

మూడూ యాభై రెండుకు ఇరవై రెండు మందీ వచ్చారు. టీ కొట్టు నడిపే ఆమె చేతులు ఇంకా తడిగా ఉన్నాయి. కుట్టు గది నుంచి వచ్చిన అయిదుగురి మెళ్లో టేపులు వేలాడుతున్నాయి. మూటలు మోసే ఆమె, ఇద్దరు ముసలివాళ్లు, ఆసుపత్రి యూనిఫాంలో ఒకమ్మాయి. వరసగా నిలబడ్డారు. అందరికంటే ముందు జోలమ్మ.

ఆమె బీరువాలోంచి కత్తెర తీసి, గౌను గుండీ దారం తెంపి, గుండీని అరచేతిలో పెట్టుకుంది.

"పెద్దక్కా, ఇది నాది. మధ్య వరసలోది. నిన్న నేనే పైన కుట్టాను. మా ఇల్లు ఇంకా నిలదొక్కుకోలేదు. చెప్పడానికి సిగ్గుపడాల్సింది మేం కాదని నువ్వే చెప్పావుగా, మొదటి సభలో."

అత్త చెయ్యి చాపింది. జోలమ్మ గుండీ ఆ చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని బొటనవేలితో తడిమి, ఆ పిల్ల తలను దగ్గరికి లాక్కుంది. వెనక టీ కొట్టామె అప్పటికే కత్తెర అందుకుంది.

ఇస్త్రీ లేచాడు. సంతకం పెట్టని రిపోర్టును నిలువునా రెండుగా చించి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. తెల్ల కాగితం తీసి వాళ్లు చెప్పేది రాసుకోవడం మొదలుపెట్టాడు. అతని చొక్కా నిండా ముడతలే. డిటెక్టివ్‌కు ఆ క్షణంలో అతను మొదటిసారి స్నేహితుడిలా కనిపించాడు.

బయట కారు ఆగింది. నాలుగుకు రెండు నిమిషాలు తక్కువ.

డైరెక్టర్ నవ్వుతూ లోపలికొచ్చాడు. వెనకే ఇద్దరు బలమైన మనుషులు గుమ్మానికి అటూ ఇటూ నిలబడ్డారు. కత్తెర పట్టుకుని వరసలో ఉన్నవాళ్లను చూశాడు. నవ్వు చెరగలేదు, కొంచెం బిగుసుకుందంతే.

"ఏమిటి హడావిడి? గుడ్డను ఎవరూ ముట్టుకోవద్దు. అది ఆఫీసు ఆస్తి. నాతో తీసుకెళ్తున్నాను" అని గుమ్మం దగ్గరి మనుషులకు తల ఊపాడు. చేతిలోని ఫైలు అత్త ముందు బల్ల మీద పెట్టాడు. "అమ్మా, తప్పు మీదేనని ఇక్కడ సంతకం పెడితే గొడవలేకుండా తేలిపోతుంది. విశ్రాంతి తీసుకోవచ్చు. పాపం, చూపు కూడా ఆనడం లేదటగా."

ఆ సంగతి వీధిలో ఎవరికీ తెలియదు; మధ్యాహ్నం చీటీ గురించి ఆయనకు ఫోన్లో చెప్పింది ఇస్త్రీయే. ఇరవై రెండు మొహాలు పెద్దక్క వైపు తిరిగాయి. ఏడాదిగా దాచుకున్నది అందరి ముందూ పడిపోయినా ఆవిడ తల దించలేదు.

"అవును సార్, ఆనడం లేదు" అంది. "వేళ్లతో చూసుకుంటున్నా."

ఫైలు మీదకు చెయ్యి జరిపింది. వేళ్లు ట్యాగును పట్టుకున్నాయి. ఎడమకు రెండు మెలికలు. కిందికి దోపిన కొసలు. పొద్దుటి నుంచి తెలియని ఆ చెయ్యి ఎవరిదో ఇందాక చెవులతో విన్నది, ఇప్పుడు వేళ్లతో తెలుసుకుంది. జోలమ్మ ఆవిడ మొహం చూసింది, గుడ్డకు అడ్డంగా వెళ్లి నిలబడింది. ఆమె పక్కన టీ కొట్టామె, ఆ పక్కన మిగతా ఇరవై మంది.

"చిట్టీ," అంది అత్త, ముడి వదలకుండా, "తలుపు వెయ్యరా."